వ్యాసం ఎవరి ఇంట్లో ఉంది?

కాలేజీలో లెక్చరరు ఇచ్చిన పుస్తకాల జాబితా పట్టుకుని మన పిల్లలు లైబ్రరీకి వెళ్తారు. గంటసేపు వెతికి "అది ఇక్కడ లేదు" అని తిరిగొస్తారు. చాలాసార్లు అది అక్కడే ఉంటుంది.

చెన్నైలో ఎం.ఏ. చదువుతున్న మన అమ్మాయి ఒకతె సెమినారుకి తెలుగు మీద రాద్దామనుకుంది. కావలసిన వ్యాసం దొరక్క, వేరే విషయం తీసుకుంటానంది. చీటీ చూపించమన్నాను. అందులో ఇలా ఉంది: వెల్చేరు నారాయణరావు, "మల్టిపుల్ లిటరరీ కల్చర్స్ ఇన్ తెలుగు", ఇన్ షెల్డన్ పొలాక్, ఎడిటర్, లిటరరీ కల్చర్స్ ఇన్ హిస్టరీ, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్, 2003.

పాపం, కంప్యూటరులో నారాయణరావు గారి పేరూ, వ్యాసం పేరూ కొట్టి చూసిందట. లైబ్రరీ పట్టికలో సాధారణంగా పుస్తకాల పేర్లుంటాయి గాని లోపలి వ్యాసాల పేర్లుండవు. పొలాక్ పేరుకి ముందున్న ఆ "ఇన్" అనే చిన్న మాటే కీలకం. అది మనం ఉత్తరాల మీద రాసే "కేరాఫ్" లాంటిది. వ్యాసం నారాయణరావు గారిదే, కాపురం మాత్రం పొలాక్ గారింట్లో. ముందు ఇల్లు వెతకాలి. పొలాక్ పేరు కొట్టగానే పుస్తకం కనిపించింది.

అదే నారాయణరావు గారి సొంత పుస్తకమైతే తంటా ఇంకోలా ఉంటుంది. మన ఇంటిపేర్లు పట్టికలు రాసేవాళ్లను తికమక పెడతాయి. ఒకచోట రావు కింద, ఒకచోట నారాయణరావు కింద, మరోచోట వెల్చేరు కింద పెడతారు. ఇంగ్లీషు అక్షరాల్లో "రావు"ను రెండు మూడు రకాలుగా రాస్తారు. ఒక స్పెల్లింగుతో రాకపోతే ఇంకోటి కొట్టాలి.

ఎడిటరు పేరు లేకుండా, పత్రిక పేరు తర్వాత 38 అనో 27 అనో ఉంటే అది సంపుటి సంఖ్య. అప్పుడు వెతకవలసింది పత్రిక పేరు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ 1966లో మొదలైంది, ఏడాదికో సంపుటి. కాబట్టి 38 అంటే 2003. పాత సంచికలు బైండు చేసి ఉంటాయి, కౌంటరులో అడగాలి.

ఇంకొకటి. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీల్లో తెలుగు సాహిత్యం నంబరు 894.827. పొలాక్ పుస్తకం ఎన్నో భాషల గురించినది కనుక ఆ వరసలో ఉంటుందనుకోకూడదు. పట్టికలో కనిపించిన నంబరు, చివరి అక్షరాలతో సహా, కాగితం మీద ఎక్కించుకుని అలమారా దగ్గరికి వెళ్లమనండి.