చేతిలోని బడి

1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిననాడు నిజాం బడులలో ఉర్దూయే ప్రధాన బోధనాభాష. తెలుగు చదువునకు పత్రికయు గ్రంథాలయమును పెద్ద దిక్కు. నేడు వాట్సాపును యూట్యూబును ఆ పనిలో పాలు పంచుకొనుచున్నవి. 2020లో కరోనావలన బడులు మూతపడగా, సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారమున పాఠములు ప్రసారమయ్యెను. ఉపాధ్యాయులు వాట్సాపున అభ్యాసములు పంపి జవాబులు దిద్దిరి. ఈ మేలు నెవరును కాదనజాలరు.

అయినను మాదొక ప్రశ్న. అచ్చంపేటలో తండ్రిచేత ఫోనుగల బాలున కందిన పాఠము, నల్లమలలోని చెంచుపెంటలో ఫోనులేని బాలికకు అందుటెట్లు? సాధనము గలవానికే చదువన్నచో, పాత అసమానతకు క్రొత్త యంత్రము దొరికినట్లే. అదిగాక, పాఠము వచ్చు త్రోవనే పుకారును వచ్చును. రెంటి భేదమును చూపవలసినవాడు గురువే.

కావున ప్రభుత్వమునకు మా విన్నపము: ప్రతి శాఖాగ్రంథాలయమునను పిల్లలకు ఉచితముగా అంతర్జాలమును, చూచుట కొక తెరయు నుండవలెను. పాఠములను ముందుగా దింపి, సిగ్నలు లేని పెంటల బడులకు చేర్పవలెను. ఫోనున పంపిన పాఠమును గురువు మరునాడు తరగతిలో ముఖాముఖి ప్రశ్నింపవలెను.

పట్టణ యువకులారా! మీ ఫోనును దినమున కొక గంట పొరుగుబిడ్డ చదువున కీయుడు. నాడు పఠనమందిరములను నిలిపినది చందాలిచ్చిన సామాన్యులే గదా!