కారణం తెలియని చావు కాదు, కారణం వెతకని చావు

పెరట్లో కుందేళ్ళు పెంచే ఏ ఇంటివాళ్ళనైనా అడగండి. పెద్దవి బాగానే ఉన్నాయంటారు. పిల్లల సంగతి ఎత్తితే గొంతు మారుతుంది. ఈనిన మూడో రోజుకు గూట్లో సగమే మిగిలాయనో, కళ్ళు తెరిచి గంతులేసే పిల్లలు రాత్రికి రాత్రే కడుపుబ్బి పోయాయనో చెబుతారు. ఎందుకు పోయాయంటే, "ఏమోనండి, తెలియలేదు" అంటారు.

ఈ "తెలియలేదు" అన్న మాట రైతు నోట వస్తోంది గానీ అందులో తప్పు రైతుది కాదు. తెలుసుకునే దారి రైతుకు లేకుండా చేసినవాళ్ళది. కుందేలు పిల్లల చావుల్లో చాలావాటికి కారణాలు పశువైద్య శాస్త్రానికి కొత్తవి కావు. చచ్చిన పిల్లను కోసి చూసేవాళ్ళు, దాణాను పరీక్షించేవాళ్ళు, చూసింది కాగితం మీద రాసి ఇచ్చేవాళ్ళు లేకపోవడం వల్లే అవి "అంతుచిక్కని" చావులవుతున్నాయి.

అమ్మినవాడి మాట, ఆఫీసు మాట

కుందేళ్ళు అమ్మిన వ్యాపారికి ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "మీ మేనేజ్‌మెంట్ లోపం." ఏ లోపం? గూడా, గాలా, దాణానా, నీళ్ళా? దానికి జవాబుండదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సామెత ఇలాంటివాళ్ళ కోసమే పుట్టినట్టుంది. అమ్మిన పిల్లల్లో తోబుట్టువులే జతలుగా వచ్చాయా, పాలు మరిచిన వారానికే వందల కిలోమీటర్లు లారీలో తెచ్చారా, తల్లులకు పొదుగువాపు ఉందా అని మనం అడిగితే మాత్రం అది "కంపెనీ వ్యవహారం". ఏడు ఆడవి, మూడు మగవి కలిపి ఒక యూనిట్ అని అంటగట్టేటప్పుడు ఏ మగది ఏ తల్లి బిడ్డో రాసి ఇచ్చేవాళ్ళు ఎంతమంది? రక్తసంబంధం దగ్గరైన కొద్దీ ఈతలో పిల్లలు తగ్గుతాయి, పుట్టినవి బలహీనంగా పుడతాయి. ఆ నష్టం కొన్నవాడి లెక్కలో పడుతుంది.

ఇక ఆఫీసుల్లో వినిపించే మాట: "కుందేలు మా పథకాల్లో లేదండి." ఇదెంత వింతో చూడండి. 2019లో జరిగిన 20వ పశుగణనలో కుందేళ్ళను లెక్కపెట్టారు. 2024లో మొదలైన 21వ పశుగణన జాబితాలోనూ కుందేలు ఉంది. 2014-15లో కేంద్రం తెచ్చిన జాతీయ పశుసంపద మిషన్‌లో ఒక విభాగం పేరే చిన్న జీవాలు, కుందేళ్ళ సమగ్ర అభివృద్ధి. ఆ మిషన్ బీమా మార్గదర్శకాల్లో గొర్రె, మేక, పందితోపాటు కుందేలు పేరూ ఉంది. పది కుందేళ్ళను ఒక పశు యూనిట్‌గా లెక్కగట్టారు. అంటే తలలు లెక్కపెట్టేటప్పుడు కుందేలు పశువే. పథకానికి పేరు పెట్టేటప్పుడూ పశువే. పిల్ల చచ్చి రైతు గుమ్మంలో నిలబడ్డప్పుడు మాత్రం అది పశువు కాకుండా పోతోంది.

చావు వయసే సగం జవాబు

పిల్ల ఏ వయసులో పోయిందో రాసుకుంటే కారణం సగం దొరికినట్టే.

కుందేలు 31 రోజులు మోసి, కళ్ళు తెరవని, వెంట్రుకలు లేని పిల్లలను పెడుతుంది. మొదటి మూడు రోజుల్లో పోయినవి ఎక్కువగా చలికో, పాలు అందకో, తల్లి తొక్కిడికో పోతాయి. చీమలు, ఎలుకలు, పాములు సరేసరి. ఇక్కడ మన డెల్టాతో ఒక చిక్కుంది. ఈ జంతువుకు చెమట పట్టదు. ఉక్కపోత మే నెలలో తల్లి తట్టుకోలేదు. వేడి 35 డిగ్రీలు దాటితే దానికి ప్రాణగండమే. కానీ మొదటి వారం పిల్లలకు గూడు లోపల 30 డిగ్రీలకు పైన వెచ్చదనం కావాలి. తల్లికి చల్లన, పిల్లకు వెచ్చన రెండూ ఒకే రేకుల పాకలో కుదరాలంటే తల్లి తన బొచ్చు పీకి పరుచుకునేందుకు పొడి గూటిపెట్టె ఉండాలి. అది లేక తీగ నేల మీదే ఈనిన పిల్ల తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. దాన్ని రోగం అనుకుని మందులు కొంటున్నాం.

ఇంకో అపోహ. తల్లి పిల్లల దగ్గర ఉండటం లేదు, పాలివ్వడం లేదని కంగారుపడి గూడు కెలుకుతుంటారు. కుందేలు రోజుకు ఒకసారి, మూడు నుంచి ఐదు నిమిషాలే పాలిస్తుంది. పొద్దున్నే పిల్ల పొట్ట చూడండి. గుండ్రంగా నిండి ఉంటే పాలు అందినట్టు. ముడతలు పడి ఉంటే తల్లి పొదుగు తడిమి చూడాలి. గట్టిగా, వేడిగా ఉంటే పొదుగువాపు.

కళ్ళు తెరిచేది పది, పన్నెండు రోజులకు. మూడు వారాలకు గూటి నుంచి బయటికొచ్చి మేత కొరకడం మొదలెడతాయి. నాలుగో వారం నుంచి పదో వారం దాకా పోయేవాటిలో ముందుగా అనుమానించవలసింది రక్తపారుడు. కాక్సిడియా అనే సూక్ష్మజీవి పేగులోనో కాలేయంలోనో చేరుతుంది. పెంటికలతో బయటపడ్డ దాని గుడ్లు వెచ్చదనం, తేమ దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే దశకు వస్తాయి. మన వానాకాలంలో ఆ రెండింటికీ కొదవ లేదు. కోసి చూస్తే కాలేయం మీద తెల్లటి మచ్చలు కంటికే కనబడతాయి. పెంటికల పరీక్షకు కావలసింది ఒక సూక్ష్మదర్శిని, చూడటం తెలిసిన మనిషి. ఈ పాటి పరీక్ష జరగక ఈతలకు ఈతలే పోతుంటే దాన్ని "అంతుచిక్కనిది" అనడం సిగ్గుచేటు.

పెద్దా చిన్నా తేడా లేకుండా ఒకటి రెండు రోజుల్లో అన్నీ పడిపోతే అప్పుడు దాణా, విషం, వడదెబ్బ, వైరస్ ఈ నాలుగింటినీ అనుమానించాలి. కుందేళ్ళను రక్తస్రావంతో చంపే వైరస్‌ను 1984లో చైనాలో గుర్తించారు. ఆ పాత రకం పసిపిల్లలను పెద్దగా ముట్టుకునేది కాదు. 2010లో ఫ్రాన్స్‌లో కనబడిన కొత్త రకం పసిపిల్లలనూ చంపుతుంది. అది మన పెరటి దాకా వచ్చిందా రాలేదా అంటే, చచ్చిన పిల్లలను కోసి చూడని చోట ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

విషం సంచిలోనే ఉందేమో

మన ఇళ్ళలో కుందేలుకు పెట్టేది తవుడు, మినప పొట్టు, వేరుశనగ చెక్క, గట్ల మీద గడ్డి. ఒక్కోదాన్ని చూద్దాం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో కోసిన వరి తడిసింది, గడ్డి ముద్దయింది. అలాంటి ఏడు రంగు మారిన ధాన్యానికి ధర కోసం మనం రోడ్డెక్కుతాం. కానీ తడిసిన ధాన్యం తవుడు, బూజు పట్టిన గడ్డి, చెమ్మ తగిలిన చెక్క చివరికి పశువు నోటికే వస్తాయి. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేసే విషం. దానికి త్వరగా లొంగే జంతువుల్లో కుందేలు ఒకటి.

ఈ విషం లోకానికి తెలిసింది కూడా "కారణం తెలియని" చావుల నుంచే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చాయి. ఏ రోగమో తేలక దానికి టర్కీ ఎక్స్ అని పేరు పెట్టారు. తెలియదని చేతులు దులుపుకోకుండా దాణా వెంట పడ్డారు. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో బూజు విషం బయటపడింది. కోడిపిల్లల చావును పట్టించుకోబట్టే మనుషుల తిండిలోనూ అఫ్లాటాక్సిన్‌కు హద్దులు పెట్టగలిగారు.

రెండోది, కోళ్ళ దాణా. కుందేలు దాణా దొరకక, దొరికినా ఖరీదై, బ్రాయిలర్ దాణా పెట్టేవాళ్ళున్నారు. రక్తపారుడు రాకుండా కోళ్ళ దాణాలో కలిపే సాలినోమైసిన్, నరాసిన్ లాంటివి కోడికి మందు, కుందేలుకు విషం. సంచి మీద ఏం కలిపారో తెలుగులో ఉండదు, కుందేళ్ళకు పెట్టరాదన్న హెచ్చరిక కనబడదు. మన రాష్ట్రంలో దాణా తయారీ, నాణ్యత, అమ్మకాలను నియంత్రించే చట్టం 2020లోనే వచ్చింది. చట్టం ఉన్నప్పుడు సంచి మీద రెండు వాక్యాలు అచ్చు వేయించడానికి అడ్డమేమిటి?

మూడోది, గట్టు గడ్డి. వరిలో కాండం తొలిచే పురుగుకు ఫిప్రోనిల్ గుళికలు చల్లుతాం. కుక్కల పిడుదులకు వాడే ఫిప్రోనిల్ మందును కుందేళ్ళ మీద వాడకూడదని పశువైద్యులు హెచ్చరిస్తారు. ఆ మందు చల్లిన మడి గట్టు గడ్డి కోసి అదే జంతువుకు వేస్తున్నాం. వరి తర్వాత మినుముకు కొట్టే మందులూ అంతే.

నాలుగోది, మందుల షాపు. పిల్లలు పారుకుంటుంటే మనుషుల ఆమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ నోట్లో పోస్తున్నారు. కుందేలు పేగులో మేలు చేసే సూక్ష్మజీవులను ఈ మందులు చంపేస్తాయి, విషం పుట్టించేవి పెరుగుతాయి. బతకాల్సిన పిల్ల కూడా పోతుంది. ఇది రైతు మూర్ఖత్వం అనేవాళ్ళను ఒక్కటే అడుగుదాం: పక్కన చెప్పే డాక్టరు ఉంటే రైతు మందుల షాపుకు ఎందుకు పోతాడు?

"సంఘానికి కుందేళ్ళేనా పని?"

మన సంఘంలోనూ కొందరు అడుగుతున్నారు. ధాన్యం ధర, కాలువ చివరి భూములకు నీరు, చౌడు, రొయ్యల చెరువుల ఉప్పునీరు ఇన్ని ఉండగా కుందేళ్ళేమిటని. ప్రశ్న న్యాయమైనదే. జవాబూ వినాలి.

పెరటి కుందేళ్ళు పది ఎకరాల ఆసామి వ్యాపారం కాదు. కౌలు రైతుకు 2019 చట్టం కింద కార్డు కావాలన్నా భూ యజమాని అంగీకారం కావాలి. కార్డు లేకపోతే బ్యాంకు గడప ఎక్కలేడు. అలాంటి ఇంట్లో ఆడవాళ్ళు పొదుపు సంఘం అప్పు తెచ్చి పది గూళ్ళు పెట్టుకుంటారు. ఒక లెక్క వేద్దాం. పది తల్లులు, ఏడాదికి అయిదు ఈతలు, ఈతకు ఆరు పిల్లలు: 300. పదికి ఒకటి రెండు పోతే సంసారం నడుస్తుంది. సగం పోతే దాణా ఖర్చూ రాదు, వాయిదా ఆగదు. వాళ్ళకు ఇది వరి పోయినంత నష్టమే.

ఈమూ పక్షుల కథ మరిచిపోకూడదు. తిరిగి కొంటామన్న మాట నమ్మి మన రాష్ట్రంలో ఎంతోమంది షెడ్లు వేశారు. 2012 ప్రాంతానికి మార్కెట్టే లేదని తేలింది. షెడ్లు, అప్పులు రైతుకు మిగిలాయి. అప్పుడు మాట్లాడాల్సింది ఆలస్యంగా మాట్లాడాం. ఇప్పుడు ముందే మాట్లాడదాం.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపడి పడిపోయినప్పుడు పత్రికలు "అంతుచిక్కని వ్యాధి" అన్నాయి. దేశంలోని పెద్ద సంస్థలు వచ్చి రక్తం, నీరు, పాలు, కూరగాయల నమూనాలు తీసుకెళ్ళాయి. సీసం, నికెల్, పురుగుమందుల అవశేషాల మాట అప్పుడే బయటికొచ్చింది. నమూనా తీస్తేనే కారణానికి పేరు వస్తుంది. కుందేలు పిల్లకు ఢిల్లీ బృందం రావాలని మనం అడగడం లేదు. ఉన్న వ్యవస్థ తలుపు తెరవమంటున్నాం. ఘంటసాలలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. కానీ చచ్చిన పిల్లకు కావలసింది అంబులెన్సు కాదు, కోసి చూసే బల్ల.

మన డిమాండ్లు

1. చనిపోయిన కుందేళ్ళకు, పిల్లలకు మండల పశువైద్యశాలలో ఉచితంగా శవపరీక్ష చేయాలి. రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. అక్కడ తేలనివాటిని శాఖే గన్నవరం పంపాలి; ఆ ఖర్చు రైతు మీద వేయకూడదు.

2. పెంటికల పరీక్ష, దాణాలో బూజు విషం పరీక్ష నియోజకవర్గ స్థాయిలో అందుబాటులో ఉంచాలి.

3. కోళ్ళ దాణా సంచుల మీద కలిపిన మందుల పేర్లు, కుందేళ్ళకు పెట్టరాదన్న హెచ్చరిక తెలుగులో ముద్రించేలా 2020 చట్టాన్ని అమలు చేయాలి.

4. తల్లి కుందేళ్ళకు పశు బీమా వర్తింపజేయాలి. ఈతలకు ఈతలే పోయినప్పుడు పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టాలి.

5. కుందేళ్ళు అమ్మే సంస్థలు తల్లిదండ్రుల వివరం, టీకాలు, మందుల చరిత్ర, తిరిగి కొనే షరతులు తెలుగు ఒప్పందంలో రాసి ఇవ్వాలి. నెలలోపు పోయినవాటికి అమ్మినవాళ్ళే బాధ్యులు కావాలి.

6. కృషి విజ్ఞాన కేంద్రంలో పెరటి పెంపకందారులకు, ముఖ్యంగా మహిళలకు, ఏటా వానలకు ముందు శిక్షణ పెట్టాలి.

డిమాండ్ చేసి కూర్చుంటే రాదు. ప్రతి ఇంటా ఒక నోటుపుస్తకం పెట్టండి. ఈనిన తేదీ, పుట్టినవి ఎన్ని, పోయినవి ఎన్ని, ఏ రోజున, ముందురోజు ఏ మేత వేశారు అన్నది రాయండి. దాణా బస్తా కొన్నప్పుడల్లా గుప్పెడు తీసి తేదీ వేసి పొడి డబ్బాలో దాచండి. పిల్ల చస్తే కాలువలో వేయకండి. కవరులో చుట్టి, ఐసు మీద పెట్టి, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. చూడమంటే ఎందుకు చూడమో రాసి ఇమ్మనండి. మిగిలినవాటిని సున్నం వేసి పాతిపెట్టండి.

ఆ పుస్తకాలు, ఆ కాగితాలు గ్రామ శాఖలకు చేర్చండి. అన్నీ కలిపి మచిలీపట్నం కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమానికి పట్టుకెళదాం. ఒక ఇంటి చావును "మీ లోపం" అని కొట్టిపారేయగలరు. ఊరూరి నుంచి తేదీలతో సహా వచ్చిన లెక్కను అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.