మనోవర్తియు మతస్వాతంత్ర్యమును

1978 ఏప్రిలు మాసమున ఇండోరు నగరమందు షాబానో అను వృద్ధురాలు నెలకు 500 రూపాయలు మనోవర్తి ఇప్పింపుమని మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకొనెను. 1932లో ఆమెను పెండ్లాడిన భర్త న్యాయవాది. 1975లో ఆమెను ఇల్లు వెడలగొట్టెను. వ్యాజ్యము నడచుచుండగనే, నవంబరులో, తలాకు చెప్పి, ఇక ఆమె తనకు భార్య కాదు గనుక ఇయ్యవలసినది లేదని వాదించెను. 1979లో మేజిస్ట్రేటు నిర్ణయించినది నెలకు 25 రూపాయలు. మరుసటి యేడు మధ్యప్రదేశ్ హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలు చేసెను. దేశమంతయు ఊగిపోయిన వివాదమునకు మూలమైన సొమ్ము ఇంతియే!

ఆమె ఆశ్రయించిన క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షను ఏ మతశాస్త్రమునకును సంబంధించినది కాదు. ఆలుబిడ్డలును, తల్లిదండ్రులును దిక్కులేక వీధిపాలు గాకుండ చూచుటయే దాని పని. 1985 ఏప్రిలు 23న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము భర్త అప్పీలును త్రోసివేసెను. తీర్పు అంతటితో ఆగియున్న బాగుండెడిది. అది ఖురాను వాక్యములకు అర్థము చెప్పుటయు, ఉమ్మడి పౌరస్మృతి ప్రసక్తి తెచ్చుటయు జరిగెను. దానితో ముసలమ్మ తిండి మాట వెనుకబడి, మతగ్రంథమునకు వ్యాఖ్య చెప్పు అధికారము ఎవరిదను తగవు ముందునకు వచ్చెను. తుదకు షాబానోయే ఆ తీర్పు తనకు వలదని బహిరంగలేఖపై వ్రేలిముద్ర వేసెను. అది ఆమె అంతరాత్మ పలుకో, చుట్టుముట్టినవారి ఒత్తిడియో తేల్చుట కష్టము. గెలిచిన వ్యాజ్యమును తానే కాదనవలసి వచ్చిన స్త్రీ స్థితి మాత్రము చిన్న విషయము కాదు.

రాజ్యాంగపు 25వ అధికరణమును విద్యార్థులకు బోధించు ఉపాధ్యాయులు ఒక్క మాట యొద్ద నిలువవలెను. అంతరాత్మ స్వాతంత్ర్యము ‘సకల వ్యక్తులకు’ అని యున్నది గాని పెద్దలకనియో, పురుషులకనియో లేదు. మతము పేర మాటలాడు పెద్దలకు ఎంత హక్కు కలదో, ఆ మతమునే నమ్మి న్యాయము కోరు స్త్రీకిని అంతియే కలదు.

1986లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసెను. భర్త ‘ఇద్దత్ కాలము లోపల’ న్యాయమైన ఏర్పాటును, మనోవర్తిని సమకూర్పవలెనని అందులో నున్నది. ఇద్దత్ అనగా సుమారు మూడు నెలలు. ఇచట తగవంతయు ఒక్క విభక్తి మీదికి వచ్చినదనిన అతిశయోక్తి కాదు. ‘కాలము లోపల’ అనగా ‘ఆ కాలమునకు మాత్రమే’ యని కొందరు చదివిరి. 1990లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి అట్లే చదివెను. గుజరాతు, కేరళ హైకోర్టులు అంతకు ముందే వేరుగ చదివియుండెను: ఇయ్యవలసిన గడువు ఆ మూడు నెలలే, కాని ఇయ్యవలసినది ఆమె భవిష్యత్తునకంతటికిని. 2001లో సుప్రీంకోర్టు ఈ రెండవ అర్థమునే స్థిరపరచి, చట్టమును నిలిపెను. ఆ వ్యాజ్యము తెచ్చిన డేనియల్ లతీఫీ పూర్వము షాబానో పక్షమున వాదించిన న్యాయవాది. వ్యాకరణము బడితోనే సరి యనుకొను విద్యార్థులు దీనిని గమనింతురు గాక.

ఈ చిక్కు ఒక మతమువారిదే యనుకొనుట పొరపాటు. హిందూ కోడు బిల్లు ముందునకు సాగకుండుటయు ఒక కారణముగ 1951లో అంబేద్కరు మంత్రిపదవిని వదలుకొనెను. ఆడుబిడ్డకు ఆస్తియా యని నాడు ధర్మశాస్త్రములు విప్పినవారు తక్కువమంది కారు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకు జన్మహక్కు నిచ్చుచు ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టము చేసెను. దేశమున కంతటికిని అది 2005లో గాని రాలేదు.

ఒక్కసారిగ చెప్పు ముమ్మారు తలాకు 2017లో చెల్లదని తీర్పు వచ్చెను. 2019లో శిక్షాచట్టమును వచ్చెను. మనోవర్తి ప్రశ్న మాత్రము తెలంగాణమునుండి మరల ఢిల్లీ చేరెను. కుటుంబ న్యాయస్థానము నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తి విధింపగా, తెలంగాణ హైకోర్టు దానిని 10,000లకు తగ్గించెను. 1986 చట్ట ముండగా 125వ సెక్షను తనకు వర్తింపదని భర్త సుప్రీంకోర్టు కెక్కెను. 2024 జులై 10న ఆ అప్పీలును కొట్టివేయుచు జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ వేర్వేరుగ వ్రాసిన తీర్పులు ఏకాభిప్రాయమునే వెల్లడించెను: 125వ సెక్షను క్రింద పోవుటయా, 1986 చట్టము క్రింద పోవుటయా, రెంటిని ఆశ్రయించుటయా అనునది విడాకులు పొందిన స్త్రీ ఇష్టము.