ఊరిపేరు ఇంటిపేరు కాదు: కతరీనా వంశమూలాల అన్వేషణ

దక్షిణాఫ్రికాలోని స్నైమన్ కుటుంబాల వంశవృక్షానికి మూలంలో కతరీనా వాన్ పలియకట్ట అనే స్త్రీ ఉన్నది. 'పలియకట్ట' అనగా డచ్చివారి గెల్డ్రియా కోట ఉన్న పులికాట్, తెలుగువారి ప్రళయకావేరి. బటావియాలో బానిసగా ఉన్న ఆమెకు హత్యానేరంపై 1656లో మరణశిక్ష పడింది. అది ప్రవాసశిక్షగా మారగా, 1657లో ఆమెను ఆఫ్రికా దక్షిణాగ్రంలోని కేప్ వలసకు పంపారు. ఆమె కుమారుడు క్రిస్టోఫెల్ ఫ్రెంచి ప్రొటెస్టంటు శరణార్థి కుమార్తె మార్గరీత్ ద సవోయ్‌ను వివాహమాడాడు. వారి సంతతిలో అనేకులు 1950 నాటి జనాభా నమోదు చట్టం కింద 'తెల్లజాతి'గా నమోదయ్యారు.

ఈమెను తెలుగింటి ఆడపడుచుగా ప్రకటించడానికి 'పలియకట్ట' అన్న ఒక్క మాట చాలునా? చాలదు. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊరిపేర్లే కావడం వల్ల 'వాన్ పలియకట్ట' కూడా ఇంటిపేరుగా తోస్తుంది. కానీ ఇంటిపేరు వంశం నిలుపుకొన్నది. బానిస పేరు వెంట ఉన్న ఊరు కొన్నవారో, లేఖకులో తగిలించినది. అది పుట్టిన ఊరు కావచ్చు, ఓడ ఎక్కిన రేవు మాత్రమే కావచ్చు. పైగా తెలుగు, తమిళం కలసి వినిపించే ఆ తీరంలో రేవును బట్టి మాతృభాషను నిర్ణయించడం శాస్త్రీయం కాదు.

అట్లని ఈమె చరిత్ర తెలుగు పరిశోధనకు అవసరం లేదనే వాదమూ నిలవదు. పులికాట్ సరస్సుకు ఉత్తరాన, వాకాడు మండలంలోని దుగరాజపట్నంలో ఆంగ్లేయులు 1626 ప్రాంతంలో ఆర్మగాన్ స్థావరాన్ని నెలకొల్పారు. ఆ చరిత్రను మనం ఆర్ముగ ముదలియారు, ఫ్రాన్సిస్ డే పేర్లతో చెప్పుకొని మద్రాసు స్థాపనతో ముగిస్తాము. అదే శతాబ్దంలో ఇదే కోరమండల తీరం నుండి కరువులలో, యుద్ధాలలో అమ్ముడుపోయిన మనుషులను డచ్చి ఓడలు బటావియాకు చేరవేశాయి. అద్దకపు బట్టల ఎగుమతిని గర్వంగా వర్ణించే తీరచరిత్ర మనుషుల ఎగుమతి దగ్గర మౌనం వహించడం న్యాయమా?

కావలసినది గర్వప్రకటన కాదు, పత్రపరిశీలన. హేగ్ నగరంలోని డచ్చి కంపెనీ దస్తావేజులు, కేప్ చర్చి పుస్తకాలు చదవగల తెలుగు పరిశోధకులు తయారు కావాలి. కైఫీయతులను వాటితో సరిపోల్చాలి. తల్లిదండ్రుల పేర్లు, భాష తెలిపే ఆధారం లభించే వరకు కతరీనాను పులికాట్ పేరుతో నమోదైన బానిస స్త్రీగా మాత్రమే పేర్కొనాలి. ఆమెకు కులాన్ని, గోత్రాన్ని, తెలుగు పేరును కల్పించడం కొన్నవారు చేసిన పనినే మరల చేయడమవుతుంది.