అతుకుకు పరీక్ష



మంజీరా మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో మన బాన్సువాడ చుట్టుపక్కల వరి పండుతుంది. నాట్లకు ముందు ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో పొలాన్ని బురద చేస్తాయి. ఆ చక్రం కడ్డీ విరిగితే వెల్డింగ్ దుకాణంలో అతికిస్తారు. అతుకు పైకి నున్నగానే కనబడుతుంది. మరి లోపల ఇనుము బాగా కరిగి కలిసిందో లేదో తెలిసేదెట్లా?

బాగుచేసిన చక్రాన్ని విరిచి చూడలేము గదా! అందుకని అతికేవాని పనితనాన్ని ముందే పరీక్షిస్తారు. అతని చేత రెండు ఉక్కు పలకలు అతికించి, అతుకు నడుమ వచ్చేటట్లు వాటినుండి పట్టీలు కోస్తారు. ఒక్కొక్క పట్టీని గుర్రపు నాడాలాగా వంచుతారు. ఇదే వంపు పరీక్ష.

వంచితే ఏమవుతుంది? మీ రబ్బరు మీద పక్కపక్కన అడ్డగీతలు గీసి, గీతలు బయటికి వచ్చేటట్లు వంచండి. గీతలు ఎడమవుతాయి. బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. 10 మి. మీ. మందం గల పట్టీని 40 మి. మీ. అడ్డుకొలత గల గుండ్రని దిమ్మ చుట్టూ వంచితే, బయటి వైపున 10 మి. మీ. ఉన్న చోటు సుమారు 12 మి. మీ. అవుతుంది. లోపల చిట్టెం మిగిలినా, ఇనుము కలవకపోయినా అక్కడ నోరు తెరుచుకుంటుంది. ఒక పట్టీని అతుకు పైముఖం బయటికి వచ్చేటట్లు, మరొకదానిని అడుగుముఖం బయటికి వచ్చేటట్లు వంచుతారు.

అయితే పట్టీని తయారు చేయటంలోనే ఉన్నది కిటుకంతా. అతుకు మీది ఉబ్బును పలకకు సమంగా అరగదీయాలి; అంతకు మించి లోతుకు పోరాదు. అరగదీసిన గీతలు పట్టీ పొడవునా ఉండాలి. అడ్డంగా ఉంటే ఆ గీత దగ్గరే పగులు పుడుతుంది. పదునైన అంచులను ఆకురాయితో కొద్దిగా గుండ్రం చేయాలి. గ్యాస్ మంటతో కోస్తే, మంట తగిలి గట్టిపడిన అంచును తీసివేయాలి. వేడి పట్టీని నీళ్లలో ముంచరాదు. కొన్ని రకాల ఉక్కు అట్లా చేస్తే పెళుసవుతుంది.

వంచిన తర్వాత బయటి వైపు చూస్తారు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం నియమాల ప్రకారం, అతుకులో 3 మి. మీ. మించిన పగులు తెరుచుకుంటే పరీక్ష తప్పినట్లే.

మన కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుండి ఎందరో గల్ఫ్ దేశాలకు పనికి పోతారు. వారిలో వెల్డింగ్ పనివారూ ఉన్నారు. అటువంటివారి ఉద్యోగం ఈ చిన్న పట్టీల మీద ఆధారపడవచ్చు. పట్టీ మీద అడ్డగీత వదిలితే మంచి పనివాని అన్నం పోతుంది. లోపం ఉన్న చోటు మీద మళ్లీ అతుకు వేసి కప్పిపెడితే, చేతకానివాడు ఆవిరి బాయిలరు అతకటానికి పోతాడు. అది పగిలితే పక్కన నిలబడినవారి ప్రాణాలు పోతాయి. కనుక పట్టీ తయారు చేసేవాడు లేని లోపం కలపరాదు, ఉన్న లోపం దాచరాదు.

ఇక మీకొక పని. రెండు పాత రబ్బరు ముక్కలు తీసుకుని, పెద్దవారి సాయంతో ఒకదాని మీద అడ్డంగా, రెండవదాని మీద పొడవునా ఒక్కొక్క చిన్న గాటు పెట్టండి. గాట్లు బయటికి ఉంచి వంచండి. ఏది నోరు తెరుస్తుంది? ఎందుకు?