కట్ట మీద చీటీ ఎవరు రాశారు?

ఆర్కైవ్సు అంటే పాత కాగితాల గోదాము, మనకేం పని అక్కడ అనుకుంటాం. కానీ మన తాతల భూమి ఆ గోదాములోనే ఉంది. వాళ్లు పెట్టుకున్న అర్జీలున్నాయి. వాళ్ల మీద బనాయించిన కేసులున్నాయి. వాటి దాకా పోయే దారి మాత్రమే మనకు లేదు.

ఆ దారి పేరు కేటలాగు. వేల కట్టల్లో ఏది ఎక్కడుందో చెప్పేది అదే. ఒక్కో కట్టకూ ఎప్పుడో ఎవరో నాలుగు ముక్కలు రాసి పెట్టారు. ఆ నాలుగు ముక్కల్లో లేనిది వెతికేవాడికి లేనట్టే! రాసిందెవరు? ఆనాడు చదువు ఎవరి చేతిలో ఉందో వాళ్లే. కాగితం లోపల చెమట మనది, పైన చీటీ వాళ్లది.

ఆ పాత వివరాలను కొత్త ప్రమాణాల ప్రకారం తిరగరాసి కంప్యూటరుకెక్కించే పని ఇవాళ అనేక దేశాల ఆర్కైవ్సుల్లో నడుస్తోంది. ఇది గుమాస్తాల వ్యవహారం, మనకెందుకులే అని ఊరుకుంటే మళ్లీ మోసపోతాం.

ఎందుకో చూడండి. కోస్తా, సీమ జిల్లాలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అదే ప్రెసిడెన్సీలోని చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయల దుస్థితి మీద నివేదిక రాశాడు. వాళ్లకు భూములిచ్చేందుకు 1892లో ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. తమిళనాట పంచమి భూములంటే అవే. వందేళ్లయ్యాక, ఆ భూములు పరుల పాలయ్యాయని తమిళ దళితులు లేచారు. 1994లో కారణైలో పోలీసు కాల్పులకు ఇద్దరు బలయ్యారు. ఆ పోరాటానికి ఆధారం ఏమిటి? ఆ పాత కాగితాలే! మరి ఆ కాగితాన్ని 'దళితులు' అని వెతికితే దొరుకుతుందా? ఆనాటి శీర్షికలో ఉన్నమాట 'పరయ'.

కాబట్టి ప్రమాదం రెండు వైపులా ఉంది. పాత మాటే ఉంచితే మన పిల్ల రికార్డు ఆఫీసుకు పోయి తిట్టు చదువుకుని రావాలి, లేదా ఉత్తచేతుల్తో రావాలి. పాత మాట చెరిపేసి కొత్తది అతికిస్తే దారప్పోగు తెగుతుంది. పైగా ఆ మాటలు మారడమే మన చరిత్ర. 1917 బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మన పెద్దలు 'పంచమ' పేరును తోసేసి 'ఆది ఆంధ్ర' అన్నారు. 1922లో మద్రాసు సర్కారు ఒప్పుకోక తప్పలేదు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం 'ఆది హిందువు' అని రాసింది. పాత పేరంతా తుడిచేస్తే ఈ కొట్లాట ఎవరితో జరిగిందో ఎవరికి తెలుస్తుంది?

బడిపంతుళ్లకు ఇది తెలిసిన సంగతే. హాజరు పట్టీలో తప్పు పడితే రబ్బరుతో రుద్దకూడదు. కింది అక్షరం కనపడేలా గీత కొట్టి, పైన సరైంది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. ఎవరు, ఎప్పుడు దిద్దారో తెలియాలి.

ఆర్కైవ్సు ప్రమాణం కూడా ఆ మాటే చెబుతోంది. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి 1994లో తెచ్చి, 2000లో సవరించి అచ్చేసిన ఐ.ఎస్.ఎ.డి.(జి)లో మొత్తం 26 అంశాలున్నాయి. తప్పనిసరైనవి ఆరు. కాగితం మీద మొదటినుంచీ ఉన్న శీర్షిక వేరు, ఆర్కైవ్సువాళ్లు కల్పించి పెట్టిన శీర్షిక వేరు అని అది తేడా చూపిస్తుంది. వివరణ ఎవరు రాశారు, ఏ తేదీన రాశారు అనేదానికి చోటు పెట్టింది. ఆ గడులు ఆ ఆరింటిలో లేవు. అందుకే ఖాళీగా వదిలేస్తారు. మన తగాదా సరిగ్గా ఆ ఖాళీ గడుల దగ్గరే!

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శీర్షికల పట్టీలో ఇవాళ 'దళితులు' అనేదే శీర్షిక. 'అంటరానివారు' అని వెతికినా అక్కడికే పంపిస్తుంది. వాషింగ్టన్‌లో అయ్యేది తార్నాకలో, చెన్నైలో ఎందుకు కాకూడదు?

మేము అడిగేది ఇంతే. ఒకటి: అసలు కాగితం మీది మాట ముట్టుకోవద్దు, అది సాక్ష్యం. రెండు: ఉద్యోగులు పెట్టిన తిట్టు శీర్షికలు మార్చండి, పాతది ఫలానా కాలంలో ఇలా రాశారని తేదీతో కింద ఉంచండి. ఏ మాటతో వెతికినా కట్ట దొరకాలి. మూడు: 'కలెక్టరు నివేదిక' అని ఊరుకోక, లోపలున్న మాలపల్లి పేరు, మాదిగగూడెం పేరు, అర్జీ పెట్టినవాళ్ల పేర్లు రాయండి. నాలుగు: ఈ పనిలో మన కులాల చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టండి. మాట ఎక్కడ గుచ్చుతుందో గుచ్చుకున్నవాడికే తెలుసు.

మిత్రులారా! భూమి కోసం, కూలి కోసం కొట్లాడినట్టే కేటలాగు కోసమూ కొట్లాడాలి. రికార్డులో దారి లేని జాతికి రేపు కోర్టులోనూ దారి ఉండదు.