రిజిస్టరుకెక్కని పతకం

బ్రిటన్‌లో 1881 నాటి సైనిక సంస్కరణలు పదాతిదళ రెజిమెంట్లను కౌంటీలతో, అంటే అక్కడి జిల్లాలతో ముడిపెట్టిన తరువాత చాలా ప్రాంతాలకు తమదని చెప్పుకొనే పటాలం ఒకటి ఏర్పడింది. కాలక్రమంలో ఆ పటాలాలు ఒకదానిలో ఒకటి విలీనమై, కొన్ని పూర్తిగా రద్దయిపోగా, వాటి పతాకాలూ, పతకాలూ, వెండి సామానూ, యుద్ధకాలపు దినచర్య పుస్తకాలూ చిన్న చిన్న సైనిక మ్యూజియంలలో మిగిలాయి. వీటిలో అనేకం ధర్మాదాయ చట్టం కింద నమోదైన ట్రస్టులు. నిర్ణయాలు తీసుకొనేవారు సాధారణంగా జీతం పుచ్చుకోని ట్రస్టీలు, అంటే మన దేవాలయాల విషయంలో ధర్మకర్తలని పిలుచుకొనేవారికి దగ్గరివారు. తలుపులు తీసి, సందర్శకులకు కథ చెప్పేవారు స్వచ్ఛంద సేవకులు, వారిలో పలువురు మాజీ సైనికులు. కర్నల్ రాబర్ట్ ఓగిల్బీ 1954లో నెలకొల్పిన ఆర్మీ మ్యూజియమ్స్ ఓగిల్బీ ట్రస్టు వంటి సంస్థలు సలహా, సాయం అందిస్తున్నా నిత్యభారం ఈ రెండు వర్గాలదే.

ఇటువంటి మ్యూజియంల కష్టాలన్నిటికీ డబ్బు లేకపోవడమే మూలమనుకోవడం పరిపాటి. పైకప్పు కారడం, బీమా ఖర్చు పెరగడం నిజమైన బాధలే అయినా అన్నిటికన్నా ముందు నష్టమయ్యేది వస్తువు కాదు, వస్తువును గురించిన ఎరుక. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికులకిచ్చిన పతకాలపై గ్రహీత పేరూ సంఖ్యా ముద్రించారు. రెండవ ప్రపంచయుద్ధపు పతకాలను బ్రిటిష్ సైన్యంలోనివారికి పేరు లేకుండానే ఇచ్చారు. కనుక ఈ రెండవ రకం పతకం ఎవరిదో, ఏ కుటుంబం ఇచ్చిందో, దానంగా ఇచ్చిందో అరువుగా ఇచ్చిందో తెలిపే కాగితం లేకపోతే, వేలాది పతకాల్లో అదీ ఒకటై మూగబోతుంది. ఆ సంగతి ఇరవై ఏళ్లుగా వస్తున్న ఒక వృద్ధ సేవకునికి మాత్రమే తెలిసి ఉండడం చాలాచోట్ల జరిగేదే. ఆయన రావడం మానిన రోజున పతకం అద్దాల పెట్టెలోనే ఉంటుంది, దాని చరిత్ర ఉండదు. విశాఖ తీరంలో 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామిని సందర్శకులకు చూపుతూ వచ్చిన నౌకాదళ విశ్రాంత ఉద్యోగుల అనుభవానికీ ఈ ప్రమాదం తప్పదు.

అందుచేత ట్రస్టీలు కొత్త ప్రదర్శనపెట్టెకు కేటాయించే డబ్బును, సేవకుల సమయాన్ని, మొదట రిజిస్టరు మీద పెట్టడం న్యాయం. 1994లో వెలువడిన స్పెక్ట్రమ్ అనే ప్రమాణం వస్తువు గడప దాటి వచ్చిన క్షణం నుంచి దాని రాక, యాజమాన్యం, ఉన్న చోటు, ఇచ్చిపుచ్చుకోవడం ఎలా నమోదు చేయాలో చెబుతుంది. అది పాటించడానికి పెద్ద సంస్థే కానక్కరలేదు, ఓపిక గల ఇద్దరు ముగ్గురు చాలు.

గడప దగ్గరి జాగ్రత్త సైనిక మ్యూజియానికి మరీ ముఖ్యం. తాతగారి ట్రంకుపెట్టె అని వారసులు ఎంతో అభిమానంతో తెచ్చేదానిలో ఆస్బెస్టాస్ కలిసిన వడపోత గల యుద్ధకాలపు గ్యాస్ ముసుగు, రేడియం పూత వల్ల చీకట్లో వెలిగే పరికరం, ఒక్కోసారి పేలని గుండు కూడా ఉండవచ్చు. తుపాకుల విషయంలో 1988 నాటి చట్టం మ్యూజియంలకు ప్రత్యేక లైసెన్సును ఏర్పరచింది. బల్ల దగ్గర కూర్చున్న సేవకుడు మొహమాటపడి అన్నీ పుచ్చుకోకుండా ఉండాలంటే, ఏది తీసుకోవాలో ఏది వద్దనాలో తెలిపే సేకరణ విధానాన్ని ట్రస్టీలు ముందే రాసి ఆయన చేతికివ్వాలి. వద్దనే కష్టాన్ని ఆయనకు వదిలిపెట్టడం అన్యాయం.

ట్రస్టీలుగా విశ్రాంత అధికారులే నిండిపోవడం వల్ల మరో చిక్కు వస్తుంది. పటాలం పట్ల భక్తి విలువైనదే కానీ చట్టం ట్రస్టీని కోరేది ట్రస్టు ప్రయోజనం పట్ల విధేయత. పూర్వపు కర్నల్ మాటకు పూర్వపు సార్జెంటు ఎదురు చెప్పలేని సమావేశంలో ఆ ప్రయోజనం వినబడదు. లెక్కలు చూడగలిగినవారు, బడిపంతుళ్లు, యుద్ధంతో సంబంధం లేని ఊరివారు అందులో కూర్చోవడం అవసరం. ఇబ్బందుల్లో ఒక పతకాన్ని అమ్మి కప్పు బాగుచేద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు ఆపగలిగేది ఇటువంటి మండలే. 2014లో నార్తాంప్టన్ మ్యూజియం సేకరణలోని ఈజిప్టు శిల్పాన్ని 1.57 కోట్ల పౌండ్లకు పైగా వేలంలో అమ్మినందుకు ఆ మ్యూజియం తన అధికారిక గుర్తింపును కొన్నేళ్లపాటు కోల్పోయింది.

రాత మీద ఇంత పట్టుదల ఎందుకో రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ అనే ఐరిష్ పటాలం కథ చూస్తే అర్థమవుతుంది. 1922లో అది రద్దయింది, దాని పతాకాలు విండ్సర్ కోటకు చేరాయి, నాటి సైనికులెవరూ ఇప్పుడు లేరు. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ పటాలం నుంచి దానికి వారసత్వంగా వచ్చిన యుద్ధ గౌరవాల్లో, అంటే పోరాడిన చోటి పేరును పతాకంపై ధరించే హక్కుల్లో, ‘మసూలిపటం’, ‘కాండోర్’ అనే రెండు పేర్లున్నాయి. మొదటిది 1759లో ఫ్రెంచివారి నుంచి కర్నల్ ఫోర్డ్ పట్టుకొన్న మచిలీపట్నం అని ఎవరైనా ఊహించగలరు. రెండవది అంతకుముందు ఏడాది, విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు అండతో ఆంగ్లేయులు గెలిచిన, పిఠాపురం ప్రాంతపు చందుర్తి యుద్ధమని ఆ పతాకాన్ని చూసినవారికి ఎవరో ఒకరు రాసి పెడితేనే తెలుస్తుంది.